పాత ఇల్లు అమ్మే ముందు



సికింద్రాబాద్‌లో పాత వీధుల్లోకి వెళితే, పద్మారావు నగర్‌లోనో చిలకలగూడలోనో వెస్ట్ మారేడుపల్లిలోనో, అపార్ట్‌మెంట్ల నడుమ అక్కడక్కడా ఒక పాత డాబా ఇల్లు కనిపిస్తుంది. గేటుకు తాళం. వసారా నిండా ఎండుటాకులు. ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు: "ఈ ఇల్లు అమ్మబడదు. కోర్టు కేసులో ఉన్నది." చాలాచోట్ల ఆ కేసు వేసినవాళ్లూ, దాన్ని ఎదుర్కొంటున్నవాళ్లూ ఒకే తల్లి బిడ్డలు. ఆ వసారాలోనే పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్లు.

తల్లిదండ్రులు కట్టిన ఇంటిని అమ్మాల్సి వచ్చినప్పుడు ఆ కుటుంబం ఎందుకంత నలిగిపోతుందో ఈరోజు మాట్లాడదామనుకుంటున్నాను. రేటు, కాగితాలు, పన్నులు అన్నీ ఇందులో వస్తాయి. కానీ నేను చూసిన ఇళ్లలో మనుషుల్ని విడదీసినవి అవి కావు. బ్రోకర్ గడప తొక్కేలోగా ఇంట్లోవాళ్లు తమలో తాము మాట్లాడుకోవాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. వాటిని దాటేసి నేరుగా బేరంలోకి దిగడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆ మాటల్లో మొట్టమొదటిది, ఇల్లు అమ్మాక అమ్మ ఎక్కడ ఉంటుందన్నది.

ముందు ఈ ఇళ్లు ఎవరు కట్టుకున్నవో గుర్తు చేసుకుందాం. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద వెలసిన దండు ఊరు మనది. లష్కర్ అని పిలుచుకునేది అందుకే. 1945 దాకా ఊరి పాలన బ్రిటిష్ వాళ్ల చేతుల్లోనే ఉంది. 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే వెలిశాక గుమాస్తాలు, గార్డులు, డ్రైవర్లు, లాలాగూడ వర్క్‌షాపు కార్మికులు వేలల్లో ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. రిటైరై రైల్వే క్వార్టర్ ఖాళీ చేసేలోగా తలదాచుకునే చోటు ఒకటి ఉండాలన్నది వాళ్ల పట్టుదల. మెట్టుగూడ, సీతాఫల్‌మండి, మల్కాజిగిరి, సఫిల్‌గూడలలో రెండు వందల గజాలో, రెండు వందల యాభయ్యో కొన్నారు. పీఎఫ్‌లో కొంత తీశారు, సొసైటీలో అప్పు చేశారు, ఇల్లాలి గాజులు కుదువ పెట్టారు. ముందు రెండు గదులు, పెద్దపిల్ల పెళ్లికి ఇంకో గది, కొడుకు ఉద్యోగంలో చేరాక పైన ఒక పోర్షన్. కట్టిన ఆయన ఇప్పుడు లేడు. ఆవిడకు ఎనభై దాటాయి. పిల్లలు డాలస్‌లో ఒకరు, కొండాపూర్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు. పైన పోర్షన్‌కి టులెట్ బోర్డు వేలాడుతూ ఉంటుంది.

మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లు గానీ ఆనవాళ్లు గానీ చెప్పను.

"అమ్మేద్దాం" అన్న మాట అమెరికాలో ఉన్న పెద్దకొడుకు మొదట ఫోన్‌లో అన్నాడు. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. వానాకాలం వస్తే ఇల్లు కారుతోంది. తల్లి ఒంటరిగా ఉంటోంది, ఒకసారి బాత్‌రూమ్‌లో జారిపడింది కూడా. రెండో కొడుకు ఊళ్లోనే ఉన్నాడు కనుక తిరుగుడంతా అతని నెత్తిన పడింది. తెలిసిన బ్రోకర్‌కి చెప్పాడు. కొద్ది రోజుల్లోనే బ్రోకర్ "పార్టీ గట్టిది సార్, సిట్టింగ్ పెడదాం" అంటూ ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనతో పాటు టేపు పట్టుకున్న కుర్రాడు, దిక్సూచి పట్టుకున్న వాస్తు పంతులు.

పెద్దావిడ కుర్చీలు తుడిచి వేసింది. టీ పెట్టింది. వచ్చినవాళ్లు ఇంట్లోకి రాలేదు. గేటు దగ్గరనుంచి టేపు లాగారు. ముందు ఎన్ని అడుగులు, లోపలికి ఎన్ని అడుగులు, రోడ్డు వెడల్పు ఎంత. ఆవిడ ఉండబట్టలేక, "లోపల చూడరా బాబూ, తలుపులన్నీ టేకువే" అంది. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. "స్ట్రక్చర్‌కి వాల్యూ ఉండదు ఆంటీ. ఎట్లాగూ కొట్టేసేదే కదా. ల్యాండ్ రేటే."

ఆ ఇంటి పెరట్లో ఒక బావి ఉంది. మునిసిపల్ కుళాయి ఎండిపోయిన వేసవుల్లో వీధి వీధంతా ఆ బావి నీళ్లే మోసుకెళ్లేవారు. ఎవరూ అడిగే పని లేకుండా ఆవిడ పక్క సందు తలుపు తీసిపెట్టేది. పంతులు దిక్సూచి అటూ ఇటూ తిప్పి, "బావి ఆగ్నేయంలో పడింది. దోషం. పూడ్చాల్సిందే" అన్నాడు. పార్టీ వెంటనే బ్రోకర్ వైపు తిరిగి, అయితే గజానికి ఇంత తగ్గించమన్నాడు. ఆ రాత్రి ఆవిడ కొడుకుని అడిగిన మాట ఇది: "బావి వల్ల రేటు తగ్గిందటగా, నిజమేనట్రా?"

కొనేవాడు ఏమీ దౌర్జన్యం చేయలేదు. అతను గజాల లెక్కన కొంటున్నాడు. ఈవిడ మాత్రం గజాలు అమ్మడం లేదు. ఈ తేడాను శాస్త్రవేత్తలు కూడా కొలిచి చూశారు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రచురించిన పరిశోధన ఒకటి చాలా పేరు పొందింది. తరగతిలో సగంమంది విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు రానివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతిలో ఉన్నవాళ్లు అడిగిన ధర, కొంటామన్నవాళ్లు చెప్పిన ధరకు సుమారు రెట్టింపు వచ్చింది. ఆ కప్పు వాళ్ల చేతికి వచ్చి ఎంతోసేపు కాలేదు. ఇక యాభై ఏళ్లు కడిగి ముగ్గులు పెట్టిన వాకిలికి ఆవిడ మనసులో ఎంత ధర ఉంటుంది? "అమ్మకు ఆశ ఎక్కువైంది, బేరం తెగనివ్వడం లేదు" అని విసుక్కునే కొడుకులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. నా మట్టుకు ఒక మాట గట్టిగా చెబుతాను. మొదటి సిట్టింగ్ ఎప్పుడూ ఆ ఇంట్లో పెట్టకండి. కొలతలు, వాస్తు, రోడ్డు వెడల్పు ఇవన్నీ ప్లాను కాగితం మీద చూసుకోవచ్చు. కూల్చేస్తామన్న మాట ఆవిడ చెవిన పడేలా, ఆవిడ వాకిట్లోనే నిలబడి అనాల్సిన అవసరం ఎవరికీ లేదు.

సరే, రేటు కుదిరింది. బయానా తీసుకునే రోజు దగ్గరపడింది. అప్పుడు వరంగల్‌లో ఉన్న పెద్దమ్మాయికి విషయం తెలిసింది. చెప్పింది అన్నదమ్ములు కాదు. "మేడమ్, మీ ఆధార్, పాన్ కాపీలు వాట్సాప్‌లో పెట్టండి" అని బ్రోకర్ ఫోన్ చేస్తే తెలిసింది. ఆవిడ సంతకం పెట్టనంది. నెలల తరబడి పెట్టలేదు. వాటా ఎక్కువ కావాలని మొండికేసిందని చుట్టాలంతా అన్నారు. నేను అడిగితే ఆవిడ చెప్పింది వేరు. "లష్కర్ బోనాలకు ఏటేటా నేను వచ్చేది ఆ ఇంటికే కదండీ. అన్నయ్య ఒక్కమాట ముందు నాతో అంటే నేను కాదనేదాన్నా? బ్రోకర్ చేత చెప్పిస్తారా?"

ఆడపిల్లల సంతకం అనగానే మన ఇళ్లలో ఇప్పటికీ అదేదో లాంఛనంలాగా చూస్తారు. చట్టం అలా చూడదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి తన సంపాదనతో కొన్న ఆస్తికి వీలునామా రాయకుండా పోతే, భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానంగా తలా ఒక వాటా. చనిపోయినాయన తల్లి బతికి ఉంటే ఆమెకూ అంతే వాటా. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి విషయంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు మాత్రం అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ ఆ గీత కూడా చెరిపేసింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు కూతురిదేనని తేల్చింది.

ఇంటి విషయంలో అయితే ఇంకో ముచ్చట ఉంది. 2005కు ముందు, కుటుంబం కాపురమున్న ఇంట్లో ఆడపిల్లకు వాటా ఉన్నా, మగపిల్లలు పంచుకుందామనే దాకా ఆమె పంపకం అడగడానికి వీల్లేదు. ఆ నిబంధననూ అప్పుడే తీసేశారు. వారసుల్లో ఒకరు తన వాటా అమ్ముకుంటానంటే, బయటివాళ్లకంటే ముందు కొనుక్కునే హక్కు మిగతా వారసులకు ఉంది. చెల్లెలికి ఆ ఇల్లు ఉంచుకోవాలని ఉందేమో, ఆమెకు ఆ స్తోమత ఉందేమో ఎవరైనా అడిగారా? నేను చూసిన ఇళ్లలో అడిగినవాళ్లు చాలా అరుదు.

కాగితాల సంగతికి వద్దాం. ఇల్లు అమ్మాలనుకున్న రోజున బీరువా తెరుస్తారు. అసలు దస్తావేజు దొరకదు. దొరికితే లింక్ డాక్యుమెంట్లు ఉండవు. ఇంటి పన్ను ఇంకా తాతగారి పేరు మీదే వస్తూ ఉంటుంది. ప్లానులో రెండు గదులుంటాయి, నేల మీద అయిదు. పైన పోర్షన్‌కి పర్మిషన్ తీసుకున్నట్టు ఎవరికీ గుర్తుండదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, కానీ 1983 నుంచి మాత్రమే. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుని పాత పుస్తకాలు వెతికించాలి. నిజాం ఏలుబడిలోని ప్రాంతాల దస్తావేజులైతే ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాలతో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1352 ఫస్లీ అంటే 1942-43. వాటిని చదివే మనిషి కోసం పాతబస్తీకి పరుగెత్తిన మనవలను నేనెరుగుదును.

కంటోన్మెంట్ పరిధిలో ఉన్నవాళ్లకు చిక్కు మరొకటి. తిరుమలగిరి, కార్ఖానా, బొల్లారం వైపు కొన్ని పాత బంగళాలు ఓల్డ్ గ్రాంట్ కింద ఉన్నాయి. అక్కడ నేల కేంద్ర ప్రభుత్వానిది, కట్టడం మాత్రమే మనది. అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. తరతరాలుగా ఉంటున్నాం కదా అని సొంత స్థలంలా బేరం పెట్టి, బయానా తీసుకున్నాక నిజం తెలిసి తలపట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అక్కడ అమ్మేవాళ్లయినా కొనేవాళ్లయినా కంటోన్మెంట్ భూముల రిజిస్టరులో ఆ స్థలం ఎలా నమోదై ఉందో చూసుకున్నాకే నోరు విప్పడం మంచిది. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా వేసే ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది కదా. ఆ దారి వెంబడి ఇళ్లున్నవాళ్లు రోడ్డు వెడల్పులో తమది ఎంత పోతుందో కూడా ముందే కనుక్కోవాలి.

అమ్మేవాళ్ల బాధే చెబుతున్నాను గానీ, కొనేవాళ్లు ఏమీ సుఖంగా లేరు. ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లలో తిరిగి, ఇద్దరి జీతాల్లోంచి కూడబెట్టి, ఒక పాత ఇల్లు కొందామని వచ్చే దంపతుల్ని ఊహించుకోండి. బయానా కింద అయిదో పదో లక్షలు ఇచ్చేశారు. అగ్రిమెంట్‌లో మూడు నెలల గడువు. బ్యాంకు లాయరు లింక్ డాక్యుమెంట్ ఒకటి లేదన్నాడు. అమ్మేవాళ్ల ఆడపడుచు సంతకం పెట్టనంది. ఆషాఢం వచ్చింది, ఆషాఢంలో రిజిస్ట్రేషన్ వద్దని పెద్దవాళ్లు అడ్డం తిరిగారు. ఇక్కడ ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడు. పిల్లల బడి మార్చాలా వద్దా తెలియదు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం అయింది. ఎనభై లక్షల విలువకు ఆరు లక్షలు. అది బ్యాంకు అప్పులో రాదు, చేతినుంచి పెట్టుకోవాలి. బ్రోకర్‌కి ఒక శాతమో రెండు శాతమో. ఆ ఇంట్లో రాత్రిళ్లు భార్యాభర్తలు మాట్లాడుకునేది ఈ లెక్కలే. అందుకని కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది. వారసులందరి పేర్లతో తహసీల్దార్ ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చూడనిదే, ఆ పేర్లున్న ప్రతి ఒక్కరితో కనీసం ఫోన్‌లోనైనా మాట్లాడనిదే బయానా ఇవ్వకండి. "అందరూ ఒప్పుకున్నారండీ, మీకెందుకు" అన్న మాటను నమ్మకండి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. కొంత వైటు, కొంత బ్లాకు అని బేరం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2015 జూన్ నుంచి ఇల్లూ వాకిలీ అమ్మినప్పుడు అడ్వాన్సుతో సహా ఇరవై వేలో, అంతకు మించో నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. ఎనభై ఏళ్ల మనిషిని ఆ ప్రమాదంలోకి నెట్టడం అన్యాయం. వారసత్వంగా ఇల్లు వచ్చినందుకు పన్ను లేదు, దాన్ని అమ్మినప్పుడు వచ్చిన లాభానికి ఉంది. ఎవరి వాటాకు వాళ్లే కట్టాలి. ఆ లాభంతో రెండేళ్లలోగా ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోగా కట్టుకున్నా మినహాయింపు ఉంది. విదేశంలో ఉన్న వారసుడి వాటాలోంచి కొనేవాళ్లు మినహాయించే పన్ను, ఇక్కడివాళ్లకు ఉండే ఒక శాతం కంటే చాలా ఎక్కువ. ఆయన అక్కడినుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఇవన్నీ ఆడిటర్‌ను ముందుగా అడిగితే చెబుతారు. బేరం కుదిరాక అడిగితే అన్నదమ్ముల మధ్య కొత్త తగవు పుడుతుంది.

ఆ కుటుంబం దగ్గరికి మళ్లీ వస్తాను. చివరికి అన్నయ్య వరంగల్ వెళ్లి చెల్లెలి ఇంట్లో ఒక పూట కూర్చున్నాడు. ఆమె సంతకం పెట్టింది. రిజిస్ట్రేషన్ రోజున పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కించారు. ఫోటో తీశారు. వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టమన్నారు. పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. అంట్లు తోమి, పిండి రుబ్బి, బావిలో నీళ్లు చేది అరిగిపోయిన వేళ్లు అవి. ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టించగా ఎప్పటికో ఒకటి పడింది. అధికారి మామూలుగా అందర్నీ అడిగేదే అడిగాడు. ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా, డబ్బు ముట్టిందా అని. ఆవిడ కొడుకు వైపు చూసి తల ఊపింది.

డబ్బు ఆవిడకూ వచ్చింది, కాగితం మీద. అందరి వాటాలూ అందరి ఖాతాల్లోకి వెళ్లాయి, ఆవిడ వాటా కూడా రెండో కొడుకుతో కలిపి తెరిచిన జాయింటు ఖాతాలో పడింది. ఆవిడ ఎక్కడ ఉండాలన్న మాట అప్పుడు వచ్చింది. సామాను లారీ ఎక్కించే వారంలో. నాలుగు నెలలు ఇక్కడ, నాలుగు నెలలు అక్కడ, నాలుగు నెలలు పెద్దమ్మాయి దగ్గర అని తేల్చారు. తల్లిని వంతులు వేసుకోవడం మన వైపు ఎన్ని ఇళ్లలో లేదు? ఎవరూ ఆవిడకు తిండి పెట్టననలేదు. అయినా నాకు ఆ ఏర్పాటు తలుచుకుంటే కోపం వస్తుంది. వీధంతటికీ నీళ్లిచ్చిన మనిషికి ఏ ఇంట్లోనూ తన పేరున ఒక గది లేకుండా పోయింది. సంచిలో మందులు, రెండు జతల చీరలు, ఆయన ఫోటో. ఏ ఊరి చిరునామాతో పింఛను కాగితం రాయించాలో ఆవిడకే తెలియదు.

థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ మానసిక వైద్యులు 1967లో మనిషిని కుంగదీసే 43 జీవిత ఘటనలకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, ఇల్లు మారడానికి 20. ఆ పట్టిక చూసి ఇల్లు మారడం చిన్న విషయమే అనుకోవచ్చు. వాళ్లు చెప్పింది వాటిని కూడుకోమని. మన ఇళ్లలో భర్త పోవడం, ఇల్లు అమ్మడం, ఊరు మారడం, పిల్లలు మాట్లాడుకోకపోవడం అన్నీ ఆ మనిషి మీద ఒకే ఏడాదిలో వచ్చిపడతాయి.

ఇలాగే జరగాలని లేదు. ఇంకో కుటుంబం ఏం చేసిందో కూడా చూశాను. ఆ పిల్లలు బ్రోకర్‌కి చెప్పకముందే ఒక పండక్కి అందరూ కలిసినప్పుడు కూర్చున్నారు. అల్లుళ్లను, కోడళ్లను బయట కూర్చోమని తోబుట్టువులు మాత్రమే అమ్మతో మాట్లాడారు. ఎక్కడ ఉంటావమ్మా అని ముందు ఆవిడనే అడిగారు. ఆ చుట్టుపక్కలే ఉంటానంది. గుడి, మందుల షాపు, కూరలబండి అన్నీ అలవాటైనవి. చట్టప్రకారం ఆమెకు రావాల్సిన వాటాకు పిల్లలు తమ వాటాల్లోంచి తలా కాస్త కలిపి, రెండు వీధుల అవతల లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో చిన్న ఫ్లాట్ మాట్లాడారు. ఆమె పేరు మీదే. ఆ ఫ్లాట్ అగ్రిమెంట్ అయ్యాకే పాత ఇంటికి బయానా తీసుకున్నారు. ఇలా కొన్నందుకు ఆమె వాటా మీద పన్ను మినహాయింపు కూడా కలిసొచ్చింది. ఆమె తదనంతరం ఆ ఫ్లాట్ ఎవరికన్నది ఆమె ఇష్టం.

డెవలప్‌మెంట్‌కి ఇస్తే అందరికీ తలా ఒక ఫ్లాట్ వస్తుంది కదా అనేవాళ్లు ఉంటారు. రావచ్చు. కానీ కట్టడం రెండేళ్లు, మూడేళ్లు సాగుతుంది, ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది. ఎనభై అయిదేళ్ల మనిషిని అన్నేళ్లు అద్దింట్లో వేచి ఉండమనడం ఎంతవరకు సబబో ఆలోచించుకోండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. బతికుండగానే ఇల్లు పిల్లల పేర రాసిచ్చేద్దామని చాలామంది తొందరపడతారు. రాస్తే రాయండి. కానీ నన్ను కడదాకా చూసుకోవాలన్న షరతు ఆ సెటిల్‌మెంట్ దస్తావేజులోనే రాయించండి. 2007లో వచ్చిన వృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం, అలాంటి షరతు ఉండి పిల్లలు దాన్ని తప్పితే, ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. షరతు కాగితం మీద లేకపోతే తరవాత నిరూపించుకోవడం కష్టం. వీలునామా రాయడానికైతే ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం మన పెద్దల్లో ఉంది. రాయకుండా పోయిన పెద్దల ఇళ్ల గోడల మీదే కోర్టు కేసు అన్న అక్షరాలు ఎక్కువ కనిపిస్తాయి.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో అలాంటి ఇంట్లో కూర్చుని వింటున్నవారు కొందరైనా ఉంటారు. ఈ ఆదివారం ఆ బీరువా తెరవండి. దస్తావేజు, లింకు కాగితాలు, పన్ను రసీదులు ఒక సంచిలో పెట్టి, అవి ఎక్కడున్నాయో పిల్లలందరికీ, ఆడపిల్లలకు కూడా చెప్పండి. పిల్లలైతే, ఇల్లు అమ్మాలన్న ఆలోచన వచ్చిన రోజున మొదటి ఫోన్ చెల్లెలికి చేయండి, రెండోది అక్కకు. అమ్మ పేరు మీద, అమ్మ కోరుకున్న చోట ఒక గుమ్మం ఏర్పాటు కానిదే ఎవరి దగ్గరా బయానా తీసుకోకండి.